ఖాళీలు లేని లెక్కల పుస్తకం

చుక్కలత్తకి ఆ పేరు పెట్టింది పిల్లలు. చూపు లేని పిల్లల బడిలో అచ్చుగది ఆవిడ రాజ్యం. అచ్చంటే సిరాతో వేసే అచ్చు కాదు, దళసరి కాగితం మీద వేలికి తగిలేలా చుక్కలు పొడిచే బ్రెయిలీ అచ్చు. ఆరు చుక్కల్లో ఏవి పైకి లేచాయో తడిమి పిల్లలు అక్షరం పోల్చుకుంటారు. లోకంలో ఉన్న కథలూ పాఠాలూ పద్యాలూ ఆ పిల్లల దాకా చేరాలంటే ముందు ఆవిడ గదిలోకి వచ్చి చుక్కలైపోవలసిందే. అందుకని ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో హాయిగా నిద్రపోతోంది. బడిలో మటుకు ఆవిడ చుక్కలత్తే.

ఆ ఉద్యోగంలోకి ఆవిడ చదివి రాలేదు, జారిపడింది. పెళ్ళికి ముందు ఒక వకీలు దగ్గర టైపు కొట్టేది. వకీలు నోట్లోంచి మాట జారేలోపే అది కాగితం మీద ఉండేదని చెప్పుకునేవారు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక బడి ఆఫీసులో టైపిస్టుగా చేరింది. అచ్చుగది చూసే పెద్దాయన రిటైరైనప్పుడు అప్పటి హెడ్మాస్టారు ఆవిణ్ణి పిలిచి, ఎలాగూ కొడుతూనే ఉన్నావు, ఇదీ కొట్టడమేనమ్మా అని తాళంచెవి చేతిలో పెట్టారు. ఇదీ కొట్టడమే అనుకోవడం ఎంత పొరపాటో ఆవిడకి మొదటి కాగితంతోనే తెలిసొచ్చింది. ఆ కాగితాన్ని మురిసిపోతూ తీసుకెళ్ళి వేళ్ళ మాస్టారికిచ్చింది. వేళ్ళ మాస్టారు పుట్టుకతోనే చూపు లేని మనిషి. అచ్చైన ప్రతి కాగితాన్నీ ముందుగా తన వేళ్ళతో చదివి తప్పులు పట్టడం ఆయన పని. ఆయన సరే అననిదే ఒక్క కాగితం కూడా పిల్లల చేతికి వెళ్ళకూడదు, అది ఆ బడి కట్టుబాటు. ఆయన కాగితం పైనుంచి కిందికి తడిమి, "చేతికి మెత్తగా బాగుందమ్మా. అర్థం ఒక్కటే లేదు" అన్నారు. ఆవిడ ఏడవలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఆవిడ మొండిమనిషి. ఆ ఏడాది గడిచేసరికి చుక్కలు కళ్ళతోనే కాదు, కళ్ళు మూసుకుని కూడా చదవడం నేర్చుకుంది.

ఇక ఆ గదిలో కాపురముంటున్న యంత్రాలు రెండు. ఒకటి చుక్కలు పొడిచేది, దాన్ని దంపుడు మిషను అంటారు. అది మొదలెట్టిందంటే కిటికీ అద్దాలు కూడా దరువు వేస్తాయి. రెండోది దాన్ని నడిపే ముసలి కంప్యూటరు, దాని వయసు చూసి బడంతా పెట్టుకున్న పేరు తాతయ్య. పొద్దున్నే చుక్కలత్త తాతయ్య మీట నొక్కి, గది ఊడ్చి, బల్లలు తుడిచి, మంచినీళ్ళ కుండ నింపుకొచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచేవాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. ఎవరొచ్చినా ముందు తాతయ్యని చూసి నవ్వేవాళ్ళు. బడివాళ్ళు ఒకసారి కొత్త కంప్యూటరు కొన్నారు కూడా. తీరా చూస్తే దంపుడు మిషను నుంచి వచ్చే వెడల్పాటి పళ్ళ ప్లగ్గు దూరడానికి దానికి చోటే లేదు. మధ్యలో తగిలించే వైరేదో తెప్పిస్తే కాగితం నిండా గళ్ళు గళ్ళుగా ఆరేసి చుక్కలు పొడిచి పెట్టింది, చదివితే నత్తినత్తిగా ఒకే అక్షరం. మిషను తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ మిషను మాట తెలిసింది తాతయ్యకొక్కడికే. కొత్త మిషను కొనే తాహతు బడికి లేదు. అలా తాతయ్య ఉద్యోగం పదిలంగా ఉండిపోయింది, కొత్త కంప్యూటరు ఆఫీసు గుమాస్తా బల్లెక్కింది.

కథలకీ పాఠాలకీ తాతయ్య చాలు. చిక్కంతా లెక్కలతో వచ్చింది.

ఆ బడిలో పిల్లలు పెద్ద పరీక్షలో లెక్కల పేపరు రాసేవాళ్ళు కారు. దానికి బదులు తేలికపాటి పేపరు ఇంకొకటి రాయొచ్చని వెసులుబాటు ఉంది. చుక్కల్లో లెక్కల పుస్తకం లేదు గనక అందరూ అదే రాసేవాళ్ళు. లేదు గనక రాయరు, రాయరు గనక పుస్తకం ఎవరూ వెయ్యరు. ఈ గానుగ చుట్టూ ఏళ్ళ తరబడి అందరూ చల్లగా తిరుగుతుండగా, ఒక పిల్ల అడ్డం నిలబడింది. ఆ పిల్లని బడంతా ఎందుకమ్మ అని పిలిచేది. గుక్క తిప్పుకోకుండా ఎందుకు, ఎందుకు అని అడగడమే ఆ పేరుకి కారణం. చివరి తరగతిలోకి రాగానే హెడ్మాస్టారి గదికెళ్ళి తనకి లెక్కల పేపరు కావాలంది. తేలికది ఎందుకు రాయాలని అడిగింది.

హెడ్మాస్టారు చెడ్డమనిషేం కాదు. కొన్నేళ్ళ కిందట ఒక కుర్రాడు మొండిపట్టు పడితే పుస్తకం లేకుండానే లెక్కల పరీక్షకి పంపారు. వాడు కాగితం మీద తన నంబరు ఒక్కటి రాసి, మిగతా సమయమంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని వచ్చాడు. ఆ సంగతి గుర్తొస్తే ఆయనకి ఇప్పటికీ ముద్ద దిగదు. అందుకని ఒక మాట ఖాయంగా చెప్పారు. ఎవరు ఏ పేపరు రాస్తారో పైవాళ్ళకి రాసి పంపే గడువులోపల లెక్కల పుస్తకం చుక్కల్లో ఆ పిల్ల చేతిలో ఉండాలి. ఉంటే లెక్కలు, లేకపోతే అందరితో పాటు తేలికపాటి పేపరు. ఎందుకమ్మ నేరుగా అచ్చుగదికి వచ్చి, అత్తా, నీదే భారం అని చెప్పి వెళ్ళిపోయింది.

చుక్కలత్త సంబరంగా నడుం బిగించింది. లెక్కల పుస్తకం కంప్యూటరు ఫైలుగా పాఠ్యపుస్తకాల వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. అది కొత్త రకం ఫైలు, తాతయ్యలో ఉన్న పాత రైటింగ్ ప్రోగ్రాం దాన్ని తెరవనంది. గుమాస్తాని బతిమాలి పాత రకంగా మార్పించి తెచ్చుకుంటే తెరుచుకుంది. తెర మీద భిన్నాలూ వర్గమూలాలూ ముత్యాల్లా కనిపించాయి. మొదటి పాఠాలు దంచి మాస్టారికిచ్చింది. మాస్టారు చదివారు, సరే అన్నారు, పిల్ల చేతికి వెళ్ళాయి. ఇంత తేలికా అని చుక్కలత్త తన భుజం తనే తట్టుకుంది.

వారం తిరక్కుండానే ఎందుకమ్మ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని వచ్చింది.

"అత్తా, ఖాళీలన్నీ పూరించేశాను. కానీ ఈ పాఠంలో లెక్కా ఖాళీయే, జవాబూ ఖాళీయే. దేన్నిబట్టి పూరించాలి? ఎందుకిలా ఇచ్చారు?"

ఏం ఖాళీలే తల్లీ అని చుక్కలత్త కాగితం లాక్కుని వేళ్ళు పెట్టి చదివింది. భిన్నం ఉండవలసిన ప్రతిచోటా ఏమీ లేదు. వర్గమూలం ఉండవలసిన ప్రతిచోటా ఏమీ లేదు. 'కావున' అని ఉంది, తర్వాత నున్నటి కాగితం. ఫైలుని పాత రకంగా మార్చినప్పుడు లెక్కల గుర్తులన్నీ బొమ్మలైపోయాయి. బొమ్మ కంటికి కనిపిస్తుంది, చుక్కల్లోకి దిగదు. తెర మీద ఆవిడ కళ్ళకి పుస్తకం నిండుగా కనిపించింది, కాగితం మీద మాస్టారి వేళ్ళకి చిల్లులు చిల్లులుగా తగిలింది. మరి మాస్టారు ఎందుకు పట్టుకోలేదంటే, ఆయన చిన్నప్పుడు కూడా లెక్కలు లేవు. ఈ మధ్య పుస్తకాల్లో పిల్లల చేత ఖాళీలు పూరింపించడం ఎక్కువైందని విన్నారట, పద్ధతి బాగుందే అనుకున్నారట. పిల్ల కూడా అలాగే అనుకుని, పైనా కిందా ఉన్నదాన్నిబట్టి ఊహించి, తన పలకా పొడుపుపుల్లా పెట్టుకుని ఒక్కో ఖాళీకీ ఒక్కో జవాబు పొడుచుకుంటూ పోయింది. అందులో సగానికి పైగా సరైనవే. ఆ సంగతి తెలిశాక చుక్కలత్తకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆకలితో వచ్చిన పిల్ల ముందు ఖాళీ కంచం పెట్టానే అని రెండు రోజులు అన్నం సహించలేదు.

చేత్తో కొట్టేద్దామని కూర్చుంది. ఒక్కో గుర్తూ చూసి చుక్కలుగా కొట్టుకుంటూ పోతే ఒక్క పాఠానికే రోజులు కరిగిపోయాయి. ఆ లెక్కన పుస్తకం పూర్తయ్యేసరికి ఎందుకమ్మకి పెళ్ళయి పిల్లలు పుడతారని మాస్టారు తేల్చారు.

అప్పుడు ఆవిడ తమ్ముణ్ణి పిలిచింది. తమ్ముడికి బజార్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. కొట్టు అంటే మనిషి దూరడానికి సందు, మిగతాదంతా పొట్టలు విప్పి పడుకోబెట్టిన కంప్యూటర్లు. వాడు వచ్చి తాతయ్యని చూసి, "అక్కా, దీన్ని అద్దాల బీరువాలో పెట్టి టిక్కెట్టు అమ్ముకో" అన్నాడు. తర్వాత కూర్చుని చూశాక నవ్వడం మానేశాడు. చిక్కుముడి ఇదీ. పుస్తకాన్ని చుక్కలుగా మార్చే ప్రోగ్రాంకి లెక్కలు చదవడం వచ్చు. కాకపోతే కొత్త రైటింగ్ ప్రోగ్రాంలో తెరిచిన లెక్కలనే అది చదువుతుంది. కొత్త రైటింగ్ ప్రోగ్రాం తాతయ్యలోకి రాదు. చుక్కల ప్రోగ్రామూ దంపుడు మిషనూ తాతయ్యని వదిలి బయటికి రావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దారి ఆఫీసు బీరువాలో దొరికింది. ఎప్పుడో కొని, విప్పకుండానే మరిచిపోయిన రైటింగ్ ప్రోగ్రాం డిస్కు ఒకటి అట్టపెట్టెతో సహా ఉంది. గుమాస్తా వాడే దానికన్నా పాతది, తాతయ్యలో ఉన్నదానికన్నా కొత్తది. ముసలి కంప్యూటర్లని గుమ్మంలోంచి గెంటెయ్యని రకాల్లో ఇదే ఆఖరుదని తమ్ముడు చెప్పాడు. లెక్కలు దీనికి వచ్చు, కాస్త నెమ్మది, అంతే. గదిలో మూలన కూర్చుని వింటున్న మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"గుడ్డికన్న మెల్ల మేలు. వాడెయ్యండి" అన్నారు. తమ్ముడు ఉలిక్కిపడి ఆయన మొహంలోకి చూసేసరికి, "కంగారుపడకు నాయనా, ఈ గదిలో ఆ సామెత వాడే హక్కు నాకుంది" అన్నారు.

డిస్కు పెట్టారు. తాతయ్య గిర్రున తిప్పి, తలుపు తెరిచినట్టే తెరిచి, ఒక నోటీసు పెట్టాడు. ఈ ప్రోగ్రాం రావాలంటే ముందు కంప్యూటర్ని నడిపించే మూల వ్యవస్థకి వచ్చిన ఆఖరి సర్వీసు ప్యాకు వేసి ఉండాలి. అంటే ఆ వ్యవస్థకి కంపెనీవాళ్ళు చేసిన మరమ్మతుల మూట. తాతయ్యకి ఎవరూ ఎప్పుడూ అది వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదంటే, పనిచేస్తున్న దాన్ని కెలకొద్దు అన్నది పాత పెద్దాయన వెళ్తూ వెళ్తూ చెప్పిన ఒకే ఒక్క మాట. మూట దొరుకుతుంది, తన దగ్గరే ఉంది అన్నాడు తమ్ముడు. కానీ వేశాక దంపుడు మిషను పలుకుతుందా లేదా అన్నది మటుకు చెప్పలేనన్నాడు. పలక్కపోతే పోయేది లెక్కలొక్కటే కాదు, బడి మొత్తానికి పుస్తకాలుండవు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదేరా అని చుక్కలత్త తమ్ముణ్ణి పంపించేసింది.

గడువు దగ్గరపడుతోంది. ఇంట్లో ఆవిడ గిన్నె పెట్టాల్సిన చోట చెంబు పెడుతోంది, చెంబు పెట్టాల్సిన చోట చేతులు పెట్టుకుని నిలబడుతోంది. ఆవిడ భర్త ప్లంబరు, మాటలు తక్కువ. రెండు రోజులు చూసి, ఏమైందని అడిగాడు. ఆవిడ కంప్యూటరు గోల మొత్తం చెప్పింది. ఆయనకి అందులో ముప్పాతిక భాగం అర్థం కాలేదు. అర్థమైన పావు మటుకు ఆయన వృత్తికి చెందినదే. పాత పైపుకి కొత్త కొళాయి బిగించడం తనకి రోజూ ఉండే పనే అన్నాడు.

"భయపడి బిగించకుండా వచ్చేస్తే కొళాయి ఉండదు. గుడ్డిగా తిప్పితే పైపే ఊడి చేతికొస్తుంది. నేనైతే ముందు మెయిన్ కట్టేసి, అప్పుడు తిప్పుతాను. పాడైనా ఇల్లు మునగదు."

ఇల్లు మునగకుండా ఏం కట్టెయ్యాలో ఆవిడ ఆ పూటంతా ఆలోచించి తమ్ముడికి ఫోను చేసింది. తాతయ్య బుర్రలో ఉన్నదంతా ఉన్నదున్నట్టు ఇంకో డిస్కు మీదికి ఎక్కించగలవా అని అడిగింది. అవతల వాడు నాలిక కరుచుకున్నాడు. తర్వాత, తనకి ముందే తట్టాల్సిన మాట అదేనని ఒప్పుకుని, ఆ ముసలి డిస్కుకి జోడీ దొరకాలంటే కొట్టంతా తవ్వాలి, తవ్వుతానన్నాడు.

సెలవు రోజున అక్కా తమ్ముడూ మాస్టారూ అచ్చుగదిలో చేరారు. ఎందుకమ్మ మటుకు గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. లోపలికి రావే అంటే, తనుంటే ప్రశ్నలు అడగకుండా ఉండలేనని, అత్త పని చెడుతుందని చెప్పింది. డిస్కు నకలు తీస్తున్నంతసేపూ తాతయ్య పొట్టలో బియ్యం రాళ్ళేరుతున్నట్టు చప్పుడు. నకలు పూర్తయ్యాక అసలు డిస్కుని ఊడదీసి, చుక్కలత్త తన పైట చెంగుతో తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇక ఏం జరిగినా నకలు మీదే జరుగుతుంది. పాడైతే అసలుది మళ్ళీ బిగించుకోవచ్చు. ఆ తాళంచెవి బొడ్లో దోపుకున్నాక గానీ ఆవిడ ఊపిరి సరిగ్గా ఆడలేదు.

మరమ్మతుల మూట వేశారు. తాతయ్య ఆరిపోయి వెలిగాడు. వాళ్ళు మంచినీళ్ళు తాగారు. రైటింగ్ ప్రోగ్రాం వేశారు. మళ్ళీ ఆరిపోయి వెలిగాడు. లెక్కల ఫైలు తెరిస్తే తెరుచుకుంది. చుక్కలత్త ఒక భిన్నం మీద నొక్కింది. బొమ్మ కాదు, పై అంకె వేరుగా, కింది అంకె వేరుగా కదిలింది. పైన మెనూలో చుక్కల ప్రోగ్రాం పేరు వచ్చి కూర్చుంది. అది నొక్కితే తెర మీద చుక్కల వరుసలు, భిన్నం గీత కూడా చుక్కల్లోకి దిగింది. తమ్ముడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ప్రింటు నొక్కారు. దంపుడు మిషను ఒకసారి టక్కుమంది, ఎర్రదీపం వెలిగింది, ఊరుకుంది.

మళ్ళీ నొక్కారు. టక్కు, ఎర్రదీపం, మౌనం. తమ్ముడు వైరు ఊడదీసి పెట్టాడు, మిషను ప్రోగ్రాం తీసేసి మళ్ళీ వేశాడు, తాతయ్యని ఆర్పి వెలిగించాడు. చొక్కా తడిసిపోయింది గానీ మిషను నోరు విప్పలేదు. చివరికి నుదురు తుడుచుకుని, అక్కా, ఇక అసలు డిస్కు పెట్టేద్దాం, ఉన్నదైనా దక్కుతుంది అన్నాడు. చుక్కలత్త బొడ్లోంచి తాళంచెవి తీసింది. గుమ్మం అవతల పిల్ల వింటోందని తెలుసు. ఆ పిల్లకేం చెప్పాలో తెలియక అడుగు పడలేదు.

అలా నిలబడి మిషను వైపు చూస్తూంటే, దాన్ని మొదటిసారి బిగించిన మెకానిక్ గుర్తొచ్చాడు. అప్పుడు ఆవిడ ఇంకా ఆఫీసు టైపిస్టే. ఉత్తరం మీద పెద్దాయన సంతకానికని ఈ గదిలోకొచ్చింది. మిషను అచ్చం ఇలాగే టక్కుమని మొండికేస్తే, ఆ మెకానిక్ కంప్యూటర్లో ఏదో గడిలో టిక్కు ఒకటి తీసేసి, పక్కన నిలబడ్డవాళ్ళని నవ్వించాడు. ఈ మిషను చెప్పింది చేస్తుంది గానీ జవాబు చెప్పదు, పని ఇచ్చి ఊరుకోవాలి, సరేనా అని అడగకూడదు, నా పెళ్ళాం లాంటిదే అన్నాడు. ఆ పెళ్ళాం మాటకి ఒళ్ళు మండబట్టే ఆవిడకది ఇన్నాళ్ళూ గుర్తుండిపోయింది.

"ఒరే తమ్ముడూ, కంప్యూటరు ఇప్పుడు మిషను జవాబు కోసం చూస్తోందేమో చూడరా. దీనికి జవాబు చెప్పడం రాదు."

వాడు ప్రింటరు అమరికలు ఒక్కొక్క పేజీ తిప్పి వెతికాడు. ఎక్కడో లోపల, కంప్యూటరూ ప్రింటరూ అటూ ఇటూ మాట్లాడుకోవచ్చు అనే గడి. అందులో టిక్కు ఉంది. మరమ్మతుల మూట మంచి చేద్దామని పెట్టిన టిక్కు. వాడు అక్క మొహం వైపు చూశాడు, టిక్కు తీసేశాడు, ప్రింటు నొక్కాడు.

దంపుడు మిషను దంచింది. కిటికీ అద్దాలు దరువందుకున్నాయి. తమ్ముడు బల్ల మీద గుద్దాడు. చుక్కలత్త మిషను మీద రెండు చేతులూ పెట్టి, బిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతూ నిలబడింది. ఏడుస్తోంది, ఆవిడకి సిగ్గు కూడా వెయ్యలేదు. ఇన్నేళ్ళుగా ఆ మిషను దంచుతూనే ఉంది, దాని చప్పుడుకి ఇంత సంతోషించడం ఆవిడకి ఇదే మొదలు.

ఆ బడి పిల్లలు మిషను చప్పుడుని గోడ అవతలనుంచే పోల్చుకుంటారు. పాఠమైతే ఒక నడక, పద్యమైతే ఇంకో నడక, వరుసలు పొట్టిగా తెగుతాయి గనక. ఇప్పుడు వినిపిస్తున్న నడక వాళ్ళెన్నడూ విననిది. అంకె వచ్చే ముందల్లా, రాబోయేది అంకె అని చెప్పే చుక్కల గుర్తు ఒకటి పడుతోంది, అందుకని దరువు అక్కడక్కడా ఎగిరెగిరి పడుతోంది. ఎందుకమ్మ మెట్టు మీదనుంచి లేచింది. వసారాలో ఆడుకుంటున్న హాస్టలు పిల్లలు ఆట ఆపారు. ఇదేంటే, ఏ పుస్తకమే అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటూంటే ఎందుకమ్మ వాళ్ళకి చెప్పింది.

"లెక్కలు. అవి మన లెక్కలు."

మొదటి కాగితం, కట్టుబాటు ప్రకారం, మాస్టారి చేతికి వెళ్ళింది. ఆయన మొదటి వరుస మీద వేళ్ళు నడిపారు, రెండో వరుస మీద నడిపారు. ఎక్కడో ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిపారు. మామూలుగా ఏదో ఒక పుల్లవిరుపు విసరకుండా కాగితం వదలరు. ఈసారి పుల్లవిరుపు రాలేదు. తర్వాత కాగితాన్ని గుమ్మం వైపు చాచారు.

"ఇది నేను సరిచూడలేనమ్మా. నాకు లెక్కలెవరూ చెప్పలేదు. ఇదుగో పిల్లా, నువ్వు చూసి సరే అంటేనే సరే."

ఎందుకమ్మ గోడ పట్టుకుని వచ్చి, కాగితం అందుకుని, అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుని చదివింది. ఒకచోట వేలు ఆపి, ఇక్కడ తను ఖాళీలో రాసుకున్నది వేరు, పుస్తకంలో ఉన్నది వేరు అంది. అయితే పుస్తకంలో తప్పుందా అని చుక్కలత్త బిక్కచచ్చిపోయింది. పిల్ల లెక్క మొదట్నుంచీ వేళ్ళతో నడుచుకుంటూ వెళ్ళి, లేదత్తా, తప్పు నాదే అని పకపకా నవ్వింది. తన తప్పు తనకి దొరికితే అంతగా సంతోషించేవాళ్ళని చుక్కలత్త అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత దంపుడు మిషనుకి విశ్రాంతి లేదు. చుక్కలత్త తెల్లారగానే వచ్చి తాతయ్యని లేపేది. కాగితాలు అయిపోతే గుమాస్తా స్వయంగా మోసుకొచ్చి పడేసేవాడు. ఎందుకమ్మ ఒక్కో పాఠం సరిచూసి మాస్టారికి చెప్పేది, మాస్టారు దర్జాగా సరే అని ముద్ర వేసేవారు. చుక్కల్లో పుస్తకమంటే ఒక్క సంపుటం కాదు. సిరాలో బొటనవేలంత మందం ఉన్నది ఇక్కడ ఒక చిన్న అలమరా నింపుతుంది. గడువు రోజు పొద్దున ఆఖరి భాగం కుట్టి అతికించారు. జిగురింకా తడారలేదు. అన్ని భాగాలూ ఒక తోపుడుబండి మీద పేర్చుకుని, ముందు చుక్కలత్త, పక్కన ఎందుకమ్మ, వెనక మాస్టారు, ముగ్గురూ హెడ్మాస్టారి గదికి ఊరేగింపుగా వెళ్ళారు.

హెడ్మాస్టారు సిరా పుస్తకం తెరిచి, నడిమధ్యలో ఒక లెక్క ఎంచుకుని, పిల్లని తన చుక్కల్లో అదే లెక్క తియ్యమన్నారు. ఆయన పాఠాలు చెప్పేది భాష. లెక్క చదవడం మొదలెట్టి, మూడో వరుసలో తడబడి, కళ్ళజోడు సర్దుకునేలోపు ఎందుకమ్మ చివరి వరుస చదివేసి, వేలు జవాబు మీద పెట్టుకుని ఆయన కోసం ఆగి ఉంది. ఆయన పుస్తకం మూశారు. పైవాళ్ళకి పంపే కాగితం ముందుకి లాక్కుని కలం తీశారు. తీసి, రాయబోతూ ఆగారు. బడిలో అందరినీ ఎందుకు అని అడిగే పిల్లని, ఆ మాట తిరిగి అడగాలని ఆయనకి అప్పుడు తోచింది.

"నాకొకటి చెప్పమ్మా. ఇంత మందిని ఇన్నాళ్ళు పరిగెత్తించావు. లెక్కలంటే ఎందుకు నీకంత పట్టుదల?"

ఎందుకమ్మ ఆలోచించుకోలేదు. ఆ జవాబు ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్నట్టుంది, ఎవరూ అడగలేదంతే.

"మిగతావన్నీ ఎవరో ఒకరు చెబితే నమ్మాలి సార్. ఆకాశం నీలమంటే నమ్మాను. నా గౌను ఎర్రదంటే నమ్మాను. లెక్కల్లో ఎవర్నీ నమ్మక్కర్లేదు. నాకు నేనే చూసుకోవచ్చు."

 మాస్టారు కర్ర మీద గడ్డం ఆనించుకుని, కూర్చున్న చోటే తలూపుతున్నారు.  తాతయ్యా మిషనూ తనూ కలిసి వేసింది ఒట్టి పుస్తకమే అనుకుంది చుక్కలత్త ఇన్నాళ్ళూ. అవతల అచ్చుగదిలో మిషను దంచుతూనే ఉంది. తమకీ తలా ఒక పుస్తకం కావాలని మిగతా పిల్లలు పొద్దున్నే అడిగి పెట్టారు.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పిల్ల పేరుకెదురుగా తన చేత్తో తనే 'గణితం' అని రాశారు. రాసి, "గణితమని రాశానమ్మా" అని చెప్పారు.

"సరే సార్" అంది ఎందుకమ్మ. "ఇదొక్కటి నమ్ముతాను."